చెట్టు లేని నేలంతా పోయిన అడవి కాదు

వానలు పడటం మొదలైతే చాలు, తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ మొక్కలు నాటే పని ఊపందుకుంటుంది. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైన దగ్గర్నుంచి ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, నాటడం మాత్రం ఆగలేదు. ఊరి వీధుల్లో, రోడ్ల పక్కన, బడుల్లో నాటే మొక్కలతో నాకు పేచీ లేదు. అక్కడ నీడ కావాలి, నాటాల్సిందే. నా అభ్యంతరం ఊరి అవతలి నేల గురించి. పాలమూరు, నల్లగొండ జిల్లాల కంచలు, గైరాన్లు, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల మెట్ట బీళ్లు చూడండి. నేలంతా గడ్డి పరుచుకుని ఉంటుంది, అక్కడో తుమ్మ, ఇక్కడో రేగుపొద నిలబడి ఉంటాయి. ఈ నేల కంటబడగానే అటవీ అధికారికైనా, పర్యావరణం మీద మమకారం ఉన్న చదువుకున్న వాళ్లకైనా వచ్చే ఆలోచన ఒకటే. ఇక్కడ ఒకప్పుడు దట్టమైన అడవి ఉండేదని, మనుషులు నరికేశారని, మనం మళ్లీ పెంచాలని అనుకుంటారు. ఇందులో మొదటి మాట చరిత్రకు సంబంధించింది. చరిత్ర గురించి ఒక మాట చెప్పినప్పుడు ఆధారం చూపాలి. ఆ ఆధారాన్ని వెతికిపట్టే శాస్త్రం వందేళ్లకు పైగా ఉంది, మన దేశంలోనూ ఉంది. మనం దాన్ని అడగకుండానే గుంతలు తవ్వుతున్నాం.

భూగోళ శాస్త్రవేత్తలు, వృక్ష శాస్త్రవేత్తలు పాతకాలపు పచ్చదనాన్ని తెలుసుకోవడానికి ఎక్కువగా ఆధారపడేది బురద మీద. పూసే ప్రతి మొక్కా పుప్పొడి రాలుస్తుంది. ఆ రేణువు కంటికి ఆనదు గానీ, దాని పైపొర ఎంత గట్టిదంటే ఆమ్లంలో మరిగించినా చెక్కుచెదరదు. గాలికో, వాన నీటికో కొట్టుకొచ్చి చెరువు అడుగున చేరి, పైన మరో పొర బురద కప్పుకుంటే, గాలి తగలని ఆ చోట వేల ఏళ్లు అలాగే ఉండిపోతుంది. పరిశోధకులు సరస్సు అడుగులోకి గొట్టం దించి మట్టిని నిలువుగా పైకి తీస్తారు. ఒక్కో పొర నుంచి చిటికెడు మట్టి తీసుకుని, ఇసుకను కరిగించే ఆమ్లంలో వేసి, మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి వందల కొద్దీ రేణువులు లెక్కపెడతారు. గడ్డిజాతి రేణువు గుండ్రంగా, నున్నగా, ఒకే ఒక్క రంధ్రంతో ఉంటుంది. తుమ్మజాతి రేణువులు విడిగా ఉండవు, సాధారణంగా పదహారు కలిసి ఒక ముద్దగా కనిపిస్తాయి. లోతును బట్టి కాలం తెలుస్తుంది, రేణువుల పాళ్లను బట్టి ఆ కాలంలో చుట్టుపక్కల ఏం పెరిగిందో తెలుస్తుంది. 1916లో స్వీడన్ శాస్త్రవేత్త లెన్నార్ట్ వాన్ పోస్ట్ ఈ పద్ధతిని లోకానికి చూపించారు. మన దగ్గర లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ 1946 నుంచి, ఆ తర్వాత పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ పరిశోధన సంస్థ, ఈ పనిలో ఉన్నాయి.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. ఏ గడ్డి పుప్పొడి ఏదో విడదీసి చెప్పడం దాదాపు అసాధ్యం. తుమ్మ రేణువుల ముద్ద బరువుగా ఉంటుంది, ఎక్కువ దూరం పోదు. అంచేత చెట్లు ఉన్నా లెక్కలో తక్కువగా కనబడొచ్చు. పరిశోధకులకు ఈ సంగతి తెలుసు కాబట్టే ఒక్క సాక్షితో సరిపెట్టరు. గడ్డి ఆకుల్లో పేరుకునే సన్నని ఇసుక కణాలు ఆకు కుళ్లిపోయాక కూడా మట్టిలో మిగులుతాయి, వాటిని చూస్తారు. బొగ్గు రేణువులను బట్టి మంటలు ఎప్పుడు, ఎంత తరచుగా రేగాయో చూస్తారు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం కార్బన్‌లో దొరుకుతుంది. చెట్లు ఒక పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. ఉష్ణమండలపు మెట్టగడ్డి మరో పద్ధతిలో జరుపుతుంది. ఈ తేడా వల్ల వాటి దేహాల్లో బరువైన కార్బన్ పాలు వేరుగా ఉంటుంది. శాస్త్రవేత్తల కొలమానంలో చెట్లది సుమారు మైనస్ 27 దగ్గర, ఆ గడ్డిది సుమారు మైనస్ 12 దగ్గర తేలుతుంది. మధ్యలో గందరగోళం పెద్దగా ఉండదు. మొక్క పోయినా దాని ఆకు మీది మైనం మట్టిలో ఉండి ఈ లెక్క చెబుతూనే ఉంటుంది.

ఆ లెక్క మన గోదావరిలోనే తీశారు. గోదావరి తన దారిలోని నేలనంతా కడిగి బంగాళాఖాతంలో పోస్తుంది. నది కలిసే చోటికి ఎదురుగా సముద్రం అడుగు నుంచి తీసిన మట్టిలో గత పదివేల ఏళ్ల ఆకు మైనాన్ని పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు గోదావరి పరీవాహక ప్రాంతంలో ఎండను, నీటి కరువును తట్టుకునే మొక్కల వాటా క్రమంగా పెరిగిందని, ఆ తర్వాత నుంచి అదే స్థితి కొనసాగుతోందని అది చెప్పింది. నైరుతి వానలు తగ్గడమే దీనికి ప్రధాన కారణమని ఆ పరిశోధకుల నిర్ణయం. అంటే మన ఎండుగడ్డి నేలలు నిన్నమొన్నటి గొడ్డలి దెబ్బకు పుట్టినవని అనడానికి వీల్లేదు. శాతవాహనుల కాలానికి ముందే అవి విస్తరిస్తున్నాయి. ఇంకా వెనక్కి పోతే హిమాలయాల దిగువన ఉన్న శివాలిక్ కొండల పాత మట్టి పొరల్లో ఇదే రకం గడ్డి 70 నుంచి 80 లక్షల ఏళ్ల కిందటే అడవుల స్థానంలోకి వచ్చిందని కార్బన్ లెక్కలు 1980ల్లోనే చూపించాయి. అప్పటికి మనిషి జాతే లేదు. భారత ఉపఖండానికి గడ్డి పరాయిది కాదు, కొత్తదీ కాదు.

నేల మీది ఆధారం కూడా చూద్దాం. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు దగ్గర, అనంతపురం జిల్లా పాలవాయి దగ్గర, తుంగభద్ర అవతల బళ్లారి చుట్టుపక్కల పెద్దపెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. జనం వాటిని రాక్షసుల ఎముకలు కాలిన బూడిద అనేవారు. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1957లో ఉట్నూరు దిబ్బను తవ్వారు. అది కాలిన పశువుల పేడ అని తేలింది. దుంగలు పాతిన గుంతల వరుసలను బట్టి అది పశువుల దొడ్డి అని తెలిసింది. బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు అచ్చుపడి దొరికాయి. నాలుగైదు వేల ఏళ్ల కిందట ఒక మంద తొక్కిన గుర్తులు అవి. అంత పేడ తరతరాలుగా పేరుకోవాలంటే ఎంత పెద్ద మందలు ఉండాలి, అన్నిటికీ ఎంత మేత కావాలి! దట్టమైన అడవిలో అంత గడ్డి దొరకదు. దక్షిణ భారత నవీన శిలాయుగపు ఊళ్లలో దొరికిన కాలిన గింజలు కూడా అదే చెబుతాయి. ఉలవ, పెసర, అండుకొర్ర ఆ రైతుల ప్రధాన పంటలు. మూడూ మెట్టకు, వానాధారానికి అలవాటుపడినవే. మన వంటింటి ఉలవచారు వెనక ఉన్నది ఈ ఎండు నేల.

ఇక్కడే బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. పశువులు మేపింది మనుషులే, గడ్డి కొత్తగా చిగురించాలని నిప్పు పెట్టింది మనుషులే అయితే, ఆ మైదానం మనిషి చెడగొట్టిన అడవే కదా అంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అదే గోదావరి ముఖద్వారపు మట్టిని ఆధారం చేసుకుని 2017లో వచ్చిన మరో అధ్యయనం, గత నాలుగువేల ఏళ్లలో దక్కన్ నుంచి నేల కోత బాగా పెరిగిందని, దానికి వాన తగ్గడంతో పాటు వ్యవసాయం విస్తరించడం కూడా కారణమని అంది. దాన్ని నేను ఒప్పుకుంటాను. మనిషి చేయి పడని నేల దక్కన్‌లో వెతికినా దొరకదు. అయితే రెండు సంగతులు గమనించాలి. వాన తగ్గడం, గడ్డి పెరగడం, పశుపోషణ విస్తరించడం ఇంచుమించు ఒకే కాలంలో సాగాయి. గడ్డి విస్తరించిన చోటికి పశువుల కాపరులు వచ్చారు, వాళ్ల మందలు, మంటలు ఆ గడ్డిని నిలబెట్టాయి. ఒకదాన్ని నేరమని, మరొకదాన్ని ప్రకృతి అని విడదీయడం కష్టం. రెండోది, నాలుగువేల ఏళ్ల పాటు నిలిచిన ఒక జీవావరణాన్ని పాడైన స్థితి అనడంలో అర్థం లేదు. అంతకాలంలో దానికి సరిపడ్డ జంతువులు, పక్షులు, మొక్కలు, బతుకుతెరువులు అక్కడ స్థిరపడ్డాయి. 2025లో వెలువడిన ఒక అధ్యయనం 13వ శతాబ్దం నుంచి ఉన్న మరాఠీ సాహిత్యంలో, మౌఖిక గాథల్లో కనిపించే మొక్కల పేర్లు ఏరి, పశ్చిమ మహారాష్ట్ర మెట్టల్లో కనీసం 750 ఏళ్లుగా గడ్డి, ముళ్లచెట్లే ఉన్నాయని తేల్చింది. ఆ పని తెలుగులో ఎవరైనా తలపెడితే సామగ్రికి కొదవ లేదు. కాటమరాజు కథలో నెల్లూరు రాజు మనుమసిద్ధితో యుద్ధం వచ్చింది పుల్లరి దగ్గర, అంటే పశువులు మేసే గడ్డి మీద పన్ను దగ్గర. రాజు పన్ను కోరేంత, దాని కోసం ప్రాణాలు పోయేంత విలువైన గడ్డి ఆ నేల మీద ఉండేదన్నమాట.

మరి అది చెడిపోయిన అడవి అన్న అభిప్రాయం ఎక్కడిది? అటవీ శాఖ చేతి పుస్తకం నుంచి వచ్చింది. 1936లో హెచ్.జి. ఛాంపియన్ భారత, బర్మా అడవులను రకాలుగా విభజించారు. 1968లో ఎస్.కె. సేఠ్‌తో కలిసి దాన్ని సవరించారు. ఈనాటికీ అటవీ అధికారులు వాడే వర్గీకరణ అదే. అది రాసిన కాలంలో వృక్షశాస్త్రంలో ఒక నమ్మకం చలామణిలో ఉండేది. తగినంత వాన పడే చోట ఎవరూ ముట్టుకోకపోతే చివరికి అడవే వస్తుందని, గడ్డి కనబడితే మధ్యలో ఏదో అడ్డు తగిలిందని అర్థమని అనుకునేవారు. కలప కోసం అడవులను చూసే శాఖకు, శిస్తు కోసం భూమిని చూసే శాఖకు ఈ నమ్మకం బాగా కుదిరింది. పన్ను రాని, కలప ఇవ్వని నేల బంజరు పద్దులో పడిపోయింది. ఆ పద్దు ఇప్పటికీ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో కేంద్ర ప్రభుత్వం ప్రచురించిన 2019 నాటి బంజరు భూముల అట్లాస్ ప్రకారం దేశంలో 5.5 కోట్ల హెక్టార్లకు పైగా, అంటే భూభాగంలో సుమారు 17 శాతం, బంజరు. పొదలతో ఉన్న నేల కూడా అందులో ఒక తరగతి. ఉపగ్రహం పై నుంచి ఇవాళ నేల ఎలా ఉందో చూస్తుంది, ఐదువందల ఏళ్ల కిందట ఎలా ఉండేదో చెప్పలేదు. చిత్రం తప్పు కాదు, దానికి పెట్టిన పేరుతోనే చిక్కు.

ఆ పేరు ఏం చేయగలదో నీలగిరులు చూపించాయి. అక్కడి కొండల మీద లోయల్లో చిన్నచిన్న షోలా అడవులు, వాటి మధ్య విశాలమైన గడ్డి ఉండేవి. అడవి నరికితే గడ్డి మిగిలిందని అనుకుని, 19వ శతాబ్దం నుంచి ఆ గడ్డి మీద ఆస్ట్రేలియా వాటిల్, యూకలిప్టస్ నాటారు. స్వాతంత్ర్యం వచ్చాక తోలు పరిశ్రమకనీ, రేయాన్ గుజ్జుకనీ ఇంకా విరివిగా నాటారు. 1993లో రామన్ సుకుమార్ బృందం నీలగిరుల బురద నేలల కార్బన్ లెక్క తీసి 'నేచర్' పత్రికలో ప్రచురించింది. గడ్డి, అడవి రెండూ 20,000 ఏళ్లుగా అక్కడ ఉన్నాయి, వానలను బట్టి ఒకటి తగ్గితే ఒకటి పెరుగుతూ వచ్చాయి. ఈ ఫలితం వచ్చేనాటికి గడ్డి మైదానాల్లో పెద్ద భాగం వాటిల్ కింద పోయింది. ఇప్పుడు ఆ చెట్లను పీకించడానికి ప్రభుత్వమే డబ్బు పెడుతోంది. మన కడప జిల్లాదీ అలాంటి పాఠమే. నేడు రాయలసీమ, పాలమూరు బీళ్లను, చెరువు గర్భాలను ఆక్రమించుకున్న సర్కారు తుమ్మ స్వదేశీ చెట్టు కాదు. 1870ల చివర్లో ఈ దేశంలో దాన్ని తొలుత నాటిన చోట్లలో కమలాపురం ఒకటి. వంటచెరకు కరువు తీర్చడం, ఎండు నేలను పచ్చబరచడం అప్పటి ఉద్దేశం. మంచి ఉద్దేశమే. 1961లో గుజరాత్ అటవీ శాఖ కచ్‌లోని బన్ని గడ్డి మైదానంలో అదే చెట్టు నాటినప్పుడూ ఉద్దేశం మంచిదే, ఉప్పు ఎడారి ముందుకు రాకుండా ఆపాలనుకున్నారు. ఆసియాలోకెల్లా పేరున్న ఆ మేతభూమిలో సగం దాకా ముళ్లకంప అయ్యాక మాల్ధారీ పశుపోషకులు దాన్ని పీకించాలని అడుగుతున్నారు.

ఇదంతా చదివి, అయితే బయళ్లన్నీ ఆదిమకాలపు గడ్డి మైదానాలేనని అనుకుంటే అది ఇంకో పొరపాటు. నల్లమలలో, తూర్పు కనుమల్లో నిజంగా అడవి పోయిన చోట్లు ఉన్నాయి. రైలు పట్టాల దుంగలకు, వంటచెరకుకు, గనులకు, పోడుకు, ఆనకట్టలకు పోయింది. అక్కడ అడవిని తిరిగి రప్పించడం మన బాధ్యత. ఆఫ్రికాలో గినియా దేశపు కిస్సిదుగు ప్రాంతం కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. సవన్నా మధ్యలో ఊళ్ల చుట్టూ ఉన్న చిన్న అడవులను చూసి, ఒకప్పటి మహారణ్యంలో మిగిలిన ముక్కలని ఫ్రెంచి అధికారులు, వాళ్ల తర్వాత గినియా అధికారులు దాదాపు వందేళ్ల పాటు నమ్మారు. తగలబెట్టి నాశనం చేస్తున్నారని ఆ ఊళ్ల జనాన్నే శిక్షించారు. జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ అనే పరిశోధకులు 1952 నాటి విమాన ఛాయాచిత్రాలను తర్వాతి చిత్రాలతో పోల్చి, వృద్ధులను అడిగి, ఆ అడవులను పెంచింది ఆ జనమేనని 1996లో తేల్చారు. అడవి తగ్గలేదు, పెరిగింది. నేలను చూసి దాని గతాన్ని ఊహించడం రెండు వైపులా దెబ్బతీస్తుంది. అందుకే నేను కోరేది ఒక సిద్ధాంతానికి బదులు ఇంకో సిద్ధాంతం కాదు. చోటుచోటుకీ ఆధారం కావాలి.

వాతావరణం వేడెక్కుతోంది, గతం గురించి తర్కించే తీరిక లేదు, చెట్టు కార్బన్‌ను పీల్చుకుంటుంది కాబట్టి ఎక్కడైనా నాటేద్దాం అనే వాదన ఈ మధ్య ఎక్కువగా వినబడుతోంది. 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక వ్యాసం భూమ్మీద ఇంకా 90 కోట్ల హెక్టార్లలో చెట్లు పెంచవచ్చని లెక్కగట్టింది. ప్రపంచమంతా దాన్ని ఎత్తుకుంది. ఆ లెక్కలో సహజమైన సవన్నాలు, గడ్డి మైదానాలు కలిసిపోయాయని, కార్బన్ ప్రయోజనాన్ని దాదాపు ఐదు రెట్లు ఎక్కువ చూపారని పలువురు శాస్త్రవేత్తలు అదే పత్రికలో జవాబిచ్చారు. గడ్డి నేల తన కార్బన్‌లో ఎక్కువ భాగాన్ని వేళ్లలో, మట్టిలో దాచుకుంటుంది. పైన మంట రేగినా కిందిది అలాగే ఉంటుంది. చెట్లలో దాచినదైతే ఒక్క వేసవి మంటకు గాలిలో కలుస్తుంది. ఏడాదికి 500, 600 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం లాంటి చోట దగ్గరదగ్గరగా నాటిన చెట్లు బతకాలంటే భూగర్భ జలాన్నే తాగాలి. అది తాగడానికి రైతుకే లేదు. 2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్ల క్షీణించిన నేలను పునరుద్ధరిస్తామని మన దేశం మాట ఇచ్చింది. మాట మంచిదే. పునరుద్ధరణ అంటే పూర్వస్థితికి తేవడం కదా, ఆ పూర్వస్థితి ఏమిటో ముందు తెలుసుకోకుండా పని ఎలా మొదలుపెడతాం?

ఇంకో భయమూ ఉంది, అది నాకూ ఉంది. ఇది అడవి కాదు అని తేలితే, అయితే ఫ్యాక్టరీకి ఇచ్చేద్దాం, సౌర ఫలకాలు పరిచేద్దాం అనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అడవి చట్టాల రక్షణ అడవికే ఉంది, గడ్డికి లేదు. దేశంలో మెట్ట ప్రాంతపు సహజ బయలు భూములు భూభాగంలో సుమారు పదో వంతు ఉంటాయని, అందులో రక్షిత ప్రాంతాల్లో ఉన్నవి 5 శాతం లోపేనని ఇటీవలి పరిశోధన చెబుతోంది. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం పేరు బట్టమేక పిట్టతో ముడిపడింది. దేశం మొత్తం మీద ఆ పక్షులు 150 లోపే మిగిలాయి. రోళ్లపాడులో ఇప్పుడు అవి కనబడటమే గగనం. కడప జిల్లా లంకమల పాదాల దగ్గర 1986లో మళ్లీ దొరికిన కలివికోడి పరిస్థితి ఇంకా సున్నితం. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న పక్షి అది. దానికి మరీ దట్టమైన పొద పనికిరాదు, మరీ బోడి నేల పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య రాత్రిపూట పరిగెత్తే ఖాళీ కావాలి. ఆ ఖాళీని ఖాళీగా చూసి మొక్కలతో నింపినా, యంత్రాలతో చదును చేసినా దానికి ఫలితం ఒకటే. గొర్రెల మందలతో తిరిగే కురుమలకూ, గొల్లలకూ అంతే. గడ్డి మైదానాన్ని బంజరు పద్దు నుంచి తప్పించి, తన పేరుతో తనకొక పద్దు ఇవ్వడం చట్టం చేయాల్సిన పని.

ఆధారం సేకరించడానికి మన దగ్గర ఉన్నంత సౌకర్యం తక్కువ చోట్ల ఉంటుంది. కాకతీయులు, విజయనగర రాజులు, రెడ్డిరాజులు, ఊరి పెద్దలు తవ్వించిన వేల చెరువులు మనకున్నాయి. ఒక్కో చెరువు గర్భంలో తన చుట్టూ ఉన్న నేల చరిత్ర పొరలుపొరలుగా పేరుకుని ఉంది. హంపి పరిసరాల చెరువుల పూడికలోని పుప్పొడిని, బొగ్గును చదివి విజయనగర కాలపు సేద్యం ఎలా విస్తరించిందో కేథలీన్ మారిసన్ 1995 నాటికే చూపించారు. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టి పూడిక తీశారు. రైతుల పొలాలకు ఆ మట్టి తోలడం మంచి పనే. ప్రతి మండలానికి ఒక్క చెరువు నుంచైనా పై నుంచి కిందికి చెదరకుండా ఒక గొట్టం మట్టి తీసి దాచి ఉంటే ఎంత బావుండేది! మన చెరువులు ప్రతి వేసవిలో ఎండుతాయి, గాలి తగిలి పుప్పొడి చెడిపోతుంది కదా అని నిపుణులు అడగవచ్చు. నిజమే, చాలా చెరువుల్లో పుప్పొడి దొరకకపోవచ్చు. గడ్డి ఆకుల ఇసుక కణాలు, బొగ్గు, మట్టిలోని కార్బన్ మాత్రం ఎండినా నిలుస్తాయి. ఏడాది పొడవునా నీరు నిలిచే పాకాల, రామప్ప లాంటి పెద్ద చెరువుల్లో పుప్పొడి కూడా దొరికే అవకాశం ఉంది. తీయడానికి పడవ, గొట్టం, నలుగురు మనుషులు చాలు. పరీక్షించే ప్రయోగశాలలు దేశంలో ఉన్నాయి. హైదరాబాద్‌లోనే భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో భూగర్భ, వృక్షశాస్త్ర విభాగాలు పరిశోధనాంశాల కోసం చూస్తున్నాయి. నాటే మొక్కల మీద పెట్టే ఖర్చులో వందో వంతు దీనికి కేటాయిస్తే చాలు. పూడిక తీసే ప్రతి టెండరులో, యంత్రం దిగే ముందు మట్టి నమూనా తీయాలన్న ఒక్క షరతు చేర్చాలి. బంజరు భూముల్లో మొక్కలు నాటే ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ నేలలో అడవి ఉండేదనడానికి ఆధారం ఏమిటో రాయాల్సిన ఒక గడి ఆ దరఖాస్తులో ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం అక్కడి గడ్డి జోలికి పోకూడదు.